మేట్రనమ్మ, మేత్రాణులు: ఒక మాట గురించి



ఈ పేజీలో నేను మామూలుగా షుగరు జబ్బు, పిల్లల టీకాలు, వానాకాలపు జ్వరాలు, ఇలాంటివి రాస్తుంటాను. ఈసారి ఒక మాట గురించి రాయవలసి వచ్చింది. దానికి కారణం మన పత్రిక కమిటీలో జరిగిన చిన్న వాదన. వచ్చే నెలలో బిషప్ గారు మన ఆసుపత్రికి వస్తున్నారు గదా, ఆహ్వాన పత్రిక మీద ఆయన పేరు ముందు తెలుగులో ఏమని వేయాలి? ఒక పెద్దాయన "పీఠాధిపతులు" అన్నారు. ఇంకొకరు, బైబిల్లో ఉన్న మాటే వేద్దాం, "అధ్యక్షులు" అన్నారు. యూత్ తరఫున వచ్చిన అబ్బాయి "లార్డ్ బిషప్" అని ఇంగ్లీషులో పెద్దక్షరాలు వేస్తే ఫ్లెక్సీ మీద బాగా కనబడుతుందన్నాడు. గంటసేపు మాట్లాడుకున్నాక "సిస్టర్ గారూ, మీరేమీ అనడం లేదేం?" అని నన్ను అడిగారు. రాసి ఇస్తానన్నాను.

నేను వేదాంత కళాశాలలో చదువుకోలేదు. నాది నర్సింగ్ డిప్లొమా. గ్రీకు, లాటిను సంగతులు మన చాప్లిన్ గారిని అడిగి, ఆయన ఇచ్చిన నిఘంటువులు చూసి రాస్తున్నాను. వార్డు సంగతులు మాత్రం నావే.

చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో ఉండేదాన్ని. కొత్తగా మేట్రన్ బాధ్యత అప్పగించారు. ఇప్పుడు నర్సింగ్ సూపరింటెండెంట్ అంటున్నాం గాని అప్పట్లో అందరూ మేట్రనమ్మ అనేవారు. మగవాళ్ల వార్డులో పక్షవాతంతో ఒక తాత ఉండేవాడు. కతోలిక కుటుంబం, పల్లెటూరి మనిషి. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది. కళ్లకు శుక్లాలు. నేను రౌండుకు వస్తుంటే ఆయమ్మ నాకంటే ముందు పరుగెత్తి "మేట్రనమ్మగారు వస్తున్నారు, దుప్పట్లు సర్దుకోండి" అని కేకేసింది. తాతకు అది "మేత్రాణులు వస్తున్నారు" అని వినబడింది. తెలుగు కతోలికులు బిషప్పును మేత్రాణులు అంటారు. ఆయనకు కనబడింది తెల్లటి బట్టలు మాత్రమే. బాగున్న చేయి మంచం పట్టెకు ఆనించి లేవబోయాడు. నా చేయి అందుకుని ఉంగరం కోసం వేళ్లు తడిమాడు, ముద్దు పెట్టుకుందామని.

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. "నేను మేట్రన్ని తాతా, బిషప్పును కాను" అన్నాను. ఆయన ఏమీ సిగ్గుపడలేదు. "ఎవరైతేనేమమ్మా, చూడడానికి వచ్చారు గదా" అన్నాడు. నేను ఆయన దుప్పటి సర్ది, చార్టు మీద సంతకం చేసి, పక్క మంచానికి వెళ్లిపోయాను.

మూడు రోజుల తరువాత ఆయన నడుము కింద, వెన్నెముక చివర, అరచేతి వెడల్పున పుండు బయటపడింది. బెడ్‌సోర్. అది మూడు రోజుల్లో అయ్యే పుండు కాదు. నేను ఆయన మంచం పక్కన నిలబడి నవ్విన రోజుకే అక్కడ చర్మం నల్లబడి ఉండి ఉంటుంది. రిపోర్టు పుస్తకం తీసి చూశాను. పూటపూటకీ వీపు శుభ్రం చేసినట్టు, పక్కకు తిప్పి పడుకోబెట్టినట్టు రాసి ఉంది. కింద నా సంతకం ఉంది. ఆయన భార్య నన్ను తిట్టలేదు. "ఆ రోజు అందరూ నవ్వారమ్మా. ఒక్కరన్నా తిప్పి చూస్తే బాగుండేది" అంది, అంతే. రెండు వారాలకు వాళ్లు ఆయన్ను ఇంటికి తీసుకెళ్లిపోయారు. తరువాత పోయాడని కబురు తెలిసింది. పుండు వల్లనే అని వాళ్లు అనలేదు. కాదని నేనూ అనలేను.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ తాత పొరపాటుగా విన్న మాట అంత పొరపాటేమీ కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మేట్రన్ అనే మాట లాటినులోని "మాతర్" నుండి వచ్చింది. అంటే తల్లి. మేత్రాణులు అనే మాటకు మూలం గ్రీకు "మెట్రోపోలిస్", అంటే తల్లి నగరం. పెద్ద నగరంలో ఉండి చుట్టుపక్కల సంఘాలను చూసే బిషప్పును మెట్రోపాలిటన్ అన్నారు. అదే సిరియా క్రైస్తవుల భాష మీదుగా కేరళలో "మెత్రాన్" అయింది. మన మేత్రాణులు, మేత్రాసనం ఆ కుటుంబంలోనివే. హైదరాబాదు మెట్రో రైలులో ఉన్న మెట్రో కూడా అదే తల్లి. కాబట్టి మేట్రన్నీ, మేత్రాణులనీ కలిపి విన్న తాత చెవి తల్లి దగ్గరికే పోయింది.

మన ప్రాంతంలో ఈ మాటల మీద ప్రశ్నలు వేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. 2017 అక్టోబరు 10న సిరో మలబారు కతోలిక సంఘం వారికి శంషాబాద్ పేరున ఒక మేత్రాసనం ఏర్పాటయింది. ఆ సంఘానికి చెంది, దేశంలో వేరే మేత్రాసనం కింద లేని ప్రాంతాలన్నీ దీని కిందకు వచ్చాయి. మొదటి బిషప్పు మార్ రఫాయెల్ తట్టిల్. 2024 జనవరిలో ఆయన ఆ సంఘమంతటికీ పెద్ద ఆర్చిబిషప్పు అయ్యారు. 2025లో శంషాబాద్ కూడా అగ్రపీఠం స్థాయికి పెరిగింది. వాళ్లు డయోసిస్ అనరు, "ఎపార్కి" అంటారు. సాతంరాయి నుండి ఓ.పి.కి వచ్చిన ఒకామె నన్ను "ఎపార్కి అంటే ఏ పార్కమ్మా? విమానాశ్రయం దగ్గర కొత్తగా కడుతున్నారా?" అని అడిగింది. నవ్వకండి. ఆమె ప్రశ్న న్యాయమైనదే. హైవే పక్కన గోదాములూ హోటళ్లూ రోజుకొకటి లేస్తుంటే పార్కు అనుకోవడంలో తప్పులేదు. ఎపార్కి అంటే గ్రీకులో ఒక అధికారి కింద ఉండే ప్రాంతం, రాష్ట్రంలాంటిది. మన దగ్గర పనిచేసే కేరళ సిస్టర్లు మాత్రం ఈ పెద్ద మాటలేవీ వాడరు. బిషప్పును "పితావు" అంటారు. తండ్రి అని.

సరే, అసలు మాటకు వస్తాను. బిషప్ అనే మాట గ్రీకులోని "ఎపిస్కోపోస్" అరిగిపోయి మిగిలిన ముక్క. లాటినులో ఎపిస్కోపుస్ అయింది. ఇంగ్లీషువాళ్ల నోట్లో ముందు అక్షరం ఊడిపోయి, పి కాస్తా బి అయి, బిషప్ అయింది. ఎపి అంటే పైన. స్కోపోస్ అంటే చూసేవాడు. ఈ "స్కోపు" మీకు తెలిసిందే. డాక్టరుగారి మెడలో వేలాడేది స్టెతస్కోపు. స్టెథోస్ అంటే ఛాతీ. 1816లో పారిస్‌లో లానెక్ అనే వైద్యుడు ఒక రోగి ఛాతీ మీద నేరుగా చెవి ఆనించడం బాగుండదని, కాగితం గొట్టంలా చుట్టి విన్నాడు. అలా పుట్టిందది. వినే పనిముట్టుకు చూసేది అని పేరు పెట్టారంటే, చూడడం అంటే కళ్లతో మాత్రమే కాదని వాళ్లకు తెలుసన్న మాట. ఎండోస్కోపు, మైక్రోస్కోపు, బిషప్, అందరూ ఒకే ఇంటివాళ్లు.

ఇక మన తెలుగు బైబిల్లో ఎపిస్కోపోస్‌కు వాడిన మాట అధ్యక్షుడు. ఇన్నేళ్లూ నేను దాన్ని సొసైటీ అధ్యక్షుడు, పార్టీ అధ్యక్షుడు, అమెరికా అధ్యక్షుడు వరుసలోనే విన్నాను. నిఘంటువు చూస్తే ఆశ్చర్యం వేసింది. అధి అంటే పైన. అక్షం అంటే కన్ను. పైన కన్ను వేసి ఉంచేవాడు అధ్యక్షుడు. గ్రీకు మాటకు సంస్కృతంలో ఇంత సరిగ్గా సరిపోయే మాట ఇంకొకటి నాకు కనబడలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ భాగం పేరే అధ్యక్షప్రచారం. అందులో పొలాలు చూసేవాడు సీతాధ్యక్షుడు, పశువులను చూసేవాడు గోధ్యక్షుడు, నూలు పని చూసేవాడు సూత్రాధ్యక్షుడు. విధవలకూ అవిటి స్త్రీలకూ నూలు వడికే పని ఇప్పించడం ఆ సూత్రాధ్యక్షుని విధుల్లో ఒకటి. శామశాస్త్రిగారు 1915లో ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులో అచ్చువేసినప్పుడు అధ్యక్షుడు అన్నచోట ఏ మాట పెట్టారో తెలుసా? సూపరింటెండెంట్.

అది చదివి నేను పుస్తకం మూసి కొంచెంసేపు ఊరకే కూర్చున్నాను. సూపర్ అంటే లాటినులో పైన. ఇంటెండెంట్ అంటే దృష్టి పెట్టేవాడు. అంటే నా తలుపు మీద బోర్డుకు రాసి ఉన్న మాట, బిషప్ గారి లెటర్‌హెడ్ మీద అచ్చయ్యే మాట, అర్థంలో ఒకటే! జీతాల్లో, కార్లలో ఒకటి కాదు గాని పనిలో ఒకటే.

ఇది నా కల్పన కాదు. మెథడిస్టు సంఘాల్లో ఉన్నవాళ్లకు "డి.ఎస్. అయ్యగారు" అంటే ఎవరో తెలుసు. డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్. ఆ పేరు జాన్ వెస్లీ గారి నాటిది. 1784లో ఆయన అమెరికా పనికి థామస్ కోక్ అనే ఆయనను సూపరింటెండెంట్ అనే పేరుతోనే పంపారు. అక్కడ ఆస్బరీ అనే ఆయనా అదే పేరుతో పనిచేశారు. కొన్నాళ్లకు వాళ్లు బిషప్ అని పిలిపించుకోవడం మొదలుపెట్టారు. వెస్లీగారికి చాలా కోపం వచ్చింది. నన్ను ఎవరైనా మూర్ఖుడన్నా, మోసగాడన్నా పడతాను గాని బిషప్పు అనడానికి ఒప్పుకోనని 1788లో ఆస్బరీకి జాబు రాశారు. అర్థం ఒకటే అయినా ఆ రెండో మాటకు అప్పటికే వేరే వాసన అంటుకుంది. దొరతనం వాసన.

మన నర్సులకు కూడా ఈ మాట పాతదే. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్‌గా చేరింది. మరుసటి ఏడాది యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం టర్కీ వెళ్లినప్పుడు కూడా ఆమె ఉద్యోగం పేరు అదే. దీపం పట్టుకుని రాత్రుళ్లు తిరిగింది గనుక లోకం ఆమెను దీపంతోనే గుర్తుపెట్టుకుంది. ఆమె కుర్చీ ఎలా ఉండేదో ఎవరికైనా తెలుసా?

బైబిల్లో ఈ మాట వచ్చే చోట్లు చాప్లిన్ గారు నాకు వేలు పెట్టి చూపించారు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపిస్తాడు. పదకొండు వచనాల తరువాత ఆ పెద్దలనే అధ్యక్షులు అంటాడు. మనుషులు మారలేదు, మాట మారింది. అంటే ఆ రోజుల్లో ఒక ఊరికి ఒక బిషప్పు అన్న లెక్క ఇంకా స్థిరపడలేదు. సంఘాన్ని చూసుకునే పెద్దలందరూ అధ్యక్షులే. ఫిలిప్పీ పత్రిక మొదట్లో అధ్యక్షులకూ పరిచారకులకూ కలిపి వందనాలు చెబుతాడు. పరిచారకులు అన్న మాట చూశారా? నర్సుకు మన పాత తెలుగు మాట పరిచారికే. బిషప్పులూ నర్సులూ ఒకే వాక్యంలో, పక్కపక్కన.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది మత్తయి 25వ అధ్యాయం. రోగిగా ఉన్న నన్ను చూడడానికి మీరు వచ్చారు అని ప్రభువు చెప్పే చోట, ఆ "చూడడానికి రావడం" అనే క్రియ గ్రీకులో ఎపిస్కోపోస్‌కు అక్కచెల్లెలు. యాకోబు పత్రికలో దిక్కులేని పిల్లలనూ విధవలనూ పరామర్శించడం అని ఉన్నచోట కూడా అదే క్రియ. కాబట్టి ఒక ముసలామె ప్లాస్టిక్ సంచిలో నాలుగు బత్తాయిలు వేసుకుని, రెండు ఆటోలు మారి, పక్కింటామెను చూడడానికి మన ఆసుపత్రికి వస్తే, ఆమె చేస్తున్నది మాట ప్రకారం చూస్తే బిషప్పు పనే. ఆమెకు ఎవరూ దండ వేయరు. సెక్యూరిటీ అతను విజిటింగ్ టైం అయిపోయిందని ఆపుతాడు కూడా.

తెలుగులో మనకు ఒక సౌకర్యం ఉంది. "చూడడం" వేరు, "చూసుకోవడం" వేరు. "డాక్టరుగారు చూశారు" అంటారు పేషెంట్లు. "మా కోడలు చూసుకుంటోంది" అంటారు. ఆ ఒక్క "కోవడం"లో ఎన్ని రాత్రులు ఉన్నాయో మంచం పక్కన కూర్చున్నవాళ్లకు తెలుసు. "నన్ను చూసేవాళ్లు లేరు" అన్నప్పుడు మాత్రం మనవాళ్లు రెంటినీ కలిపే అంటారు. ఆ తాత దగ్గర నేను చూశాను, చూసుకోలేదు. నిజం చెప్పాలంటే సరిగ్గా చూడనూ లేదు.

ఇంట్లో మంచాన పడ్డవాళ్లు ఉన్న కుటుంబాలు ఈ పత్రిక చదువుతాయి గనుక, ఎలా చూడాలో ఇక్కడే చెప్పేస్తాను. ఈ పేజీ అసలు పని అదే గదా. తిరగలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. రోజూ పగటి వెలుగులో బట్ట తీసి నడుము కింది భాగం, తుంటి ఎముకలు, మడమలు, తల వెనుక భాగం చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కనబడకపోవచ్చు. అప్పుడు చేత్తో తాకి చూడాలి. పక్క చర్మం కంటే వేడిగా, గట్టిగా, లేక మెత్తగా ఉందా అని. అక్కడ నూనె పోసి మర్దనా చేయకండి, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. మధ్యలో చిల్లి ఉన్న గాలి రింగులు పెట్టకండి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి. తడి బట్ట వెంటనే మార్చండి. చర్మం చిట్లినట్టు కనబడితే ఆ రోజే తీసుకురండి.

ఇప్పుడు పీఠం సంగతి. పీఠాధిపతి అన్న మాటలో కన్ను లేదు, కుర్చీ ఉంది. అది తప్పు మాట అని నేననను. చాలాకాలంగా వాడుకలో ఉన్నది, గౌరవమైనది. కతీడ్రల్ అన్న మాట కూడా కుర్చీ నుండి వచ్చిందే. గ్రీకులో కథెడ్రా అంటే కుర్చీ. బిషప్పు కుర్చీ ఉన్న గుడి కతీడ్రల్. కాని మన మెదక్ సంగతి చూడండి. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కట్టించిన ఆ గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో వేలమందికి అక్కడ పని, తిండి దొరికాయి. పోస్నెట్ గారు బిషప్పు కారు. వాళ్లది వెస్లియన్ మిషను, వాళ్లకు బిషప్పులే లేరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్ డయోసిస్‌కు ఫ్రాంక్ విట్టేకర్ గారు బిషప్పు అయ్యాకనే అక్కడ కుర్చీకి అర్థం వచ్చింది. అంతకు ముందు ఇరవై రెండేళ్లకు పైగా కుర్చీ లేకుండానే సంఘాన్ని చూసుకున్నారు. అదే మిషనువారి డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారు 1915లోనే డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి పెట్టారు.

కుర్చీ ఉండి కూడా కన్ను పోగొట్టుకోని వారు లేరా అంటే, ఉన్నారు. దోర్నకల్లు అజరయ్య గారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. తిరునెల్వేలి వైపు తమిళులు. మన తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెపల్లెకూ తిరిగారు. ఆయన చూసింది ఎక్కువగా మాలమాదిగ పేటలను. 1945 జనవరి 1న దోర్నకల్లులోనే కన్నుమూశారు. ఆయన్ను జనం తండ్రిగారు అనేవారు. మన కేరళ సిస్టర్లు పితావు అన్నట్టే.

కమిటీలో పెద్దాయన ఒక మాట అన్నారు, దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోను. "పీఠం లేకపోతే క్రమం ఉండదమ్మా. ట్రాన్స్‌ఫర్లు, స్కూళ్లు, ఆస్తులు, కోర్టు కేసులు ఎవరు చూస్తారు?" అన్నారు. నిజమే. నాకూ ఆఫీసు ఉంది. డ్యూటీ చార్టు వేయాలి, ఇండెంట్లు రాయాలి, సెలవు చీటీలు చూడాలి. ఆఫీసు పని చేయకపోతే వార్డులో దూది కూడా ఉండదు. నేను చెప్పేది ఒక్కటే. ఆఫీసు పని మనిషిని లోపలే కూర్చోబెడుతుంది, ఎందుకంటే కాగితం మన దగ్గరకు నడిచి వస్తుంది. బెడ్‌సోర్ నడిచి రాదు. నా విషయంలో కాగితం పైన అంతా బాగానే ఉంది.

బిషప్పులను గురించి బయట వినే మాటలు కూడా నాకు తెలుసు. ఎన్నికలప్పుడు ప్యానెళ్లు, పోస్టర్లు, ఒకరి మీద ఒకరు కేసులు. ఇలాంటివి ఏ డయోసిస్‌లో జరిగినా వినలేక చెవులు మూసుకోవాలనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో యూదా వదిలిపోయిన స్థానం గురించి ఉన్నచోట ఎపిస్కోపోస్‌కు చుట్టమైన మాటే ఉంది. పాత ఇంగ్లీషు బైబిల్లో అక్కడ బిషప్పు పదవి అనే వేశారు. మన తెలుగులో "ఉద్యోగము" అని పెట్టారు. అనువాదం చేసినవారు ఏ ఉద్దేశంతో పెట్టినా, ఈ రోజుల్లో చదివితే గుచ్చుకుంటుంది.

తప్పు బిషప్పులదే అంటే నేనొప్పుకోను. మనం వాళ్లను ఎలా పిలుస్తామో అలా తయారు చేస్తున్నాం. ఫ్లెక్సీ మీద "మహా ఘనత వహించిన" అని మొదలుపెట్టి, పక్కన మన ఫోటోలు పది వేసుకుంటాం. ఆయన కారు దిగగానే మెడ నిండా దండలు, భుజం మీద శాలువాలు. గత సందర్శనాల్లో నేను గడియారం చూశాను. దండలకు నలభై నిమిషాలు. వార్డులకు పది. పేషెంట్లు ఉదయం ఆరింటి నుండి ఉతికిన దుప్పట్ల మీద కదలకుండా కూర్చున్నారు, దుప్పటి నలుగుతుందని. ఒకామె బెడ్‌పాన్ అడగడానికి కూడా జంకింది. ఆ దుప్పట్లు వేయించింది నేనే.

ఇక నా ఓటు. ఆహ్వాన పత్రిక మీద అధ్యక్షులు అని వేస్తే, ఏ సంఘానికి అధ్యక్షులు, ఎన్నికయ్యారా అని అడుగుతారు. మాట మంచిదే గాని ఈనాటి చెవులకు కన్ను వినబడదు. పైగా 2013లో నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళ. అధ్యక్షుడు అని అలవాటు చేసుకుంటే మళ్లీ అధ్యక్షురాలు అని దిద్దుకోవాలి. పీఠాధిపతి అంటే కుర్చీ. లార్డ్ బిషప్ అంటే దొర. "బిషప్ గారు" అని వేద్దాం. అరిగిపోయిన ముక్కే అయినా అందులో "చూసేవాడు" మిగిలి ఉన్నాడు. గౌరవానికి "గారు" చాలు. ఆ "గారు" మన ఆయమ్మకు కూడా అంటాం, అందులో తక్కువేముంది.

కార్యక్రమం కాగితం కూడా చూశాను. ఉదయం 10.30కు రాక, సభ, సన్మానం, ప్రసంగం, భోజనం, "వీలునుబట్టి" వార్డుల సందర్శన అని ఉంది. దాన్ని తిరగేయమని కమిటీని వేడుకుంటున్నాను. ముందు వార్డులు, ఒక గంట. తరువాత ఎంతసేపైనా సభ. వార్డులోకి ఆయనతో పాటు ఇద్దరికంటే ఎక్కువ మంది రావద్దు. పూలదండలు, కెమెరాలు గుమ్మం బయటే. ప్రతి మంచం దగ్గర ఆగనవసరం లేదు. నేను ఐదుగురి పేర్లు రాసి ఉంచుతాను, వాళ్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటే చాలు. అందులో ఒకాయన పక్షవాతం పేషెంటు, చూడడానికి ఎవరూ రాని మనిషి. అప్పుడు ఆయనను పక్కకు తిప్పే వేళ అయితే బిషప్ గారు కూడా ఒక చేయి వేయవచ్చు, ఎలా పట్టుకోవాలో నేను చూపిస్తాను.

గుమ్మం దగ్గర సబ్బు, నీళ్లు, ఉతికిన తువాలు పెట్టిస్తాను. వార్డులోకి వచ్చే ఎవరైనా చేతులు కడుక్కోవాలి, ఉంగరం కింద మురికి నిలుస్తుంది గనుక ఉంగరాలు తీసి కడుక్కోవాలి అన్నది మన ఆసుపత్రి నియమం. బిషప్ గారి ఉంగరం పెట్టుకోవడానికి ఒక శుభ్రమైన స్టీలు గిన్నె నేనే తెచ్చి ఉంచుతాను.